అద్దం లాంటి గోడ

పనిలో మా ఆయన్ని అందరూ ‘అద్దం’ అని పిలుస్తారు. ఆయన లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసిన గోడ ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని ఎవరో మేస్త్రీ అన్నాడట. అప్పట్నుంచి అసలు పేరు పోయి ఇదే మిగిలింది. నేను ఓ పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. ఒక రకంగా ఇద్దరిదీ ఒకటే పని. ఆయన గోడల ముడతలు తీస్తాడు, నేను గుడ్డల ముడతలు తీస్తాను. మన బతుకు ముడతలు తీసేవాడు మాత్రం ఇంకా పుట్టలేదే అమ్మాయ్ అని మా అత్తయ్య అంటూ ఉంటుంది. నవ్వుతూనే అంటుంది కాబట్టి మేమూ నవ్వేస్తాం.

మేముండే గది చూస్తే మాత్రం అది అద్దం ఇల్లని ఎవరూ అనుకోరు. ఒకటే గది, దానికో వంటమూల. తలుపు తప్ప గాలి వచ్చే దారి లేదు. వెనక గోడకి అవతలివైపు పై వాటా వాళ్ళ స్నానాల గది గొట్టం కిందికి దిగుతుంది. ఆ గొట్టం ఎక్కడో పగిలింది. పొద్దున్నే వాళ్ళు స్నానాలు మొదలుపెడితే మా గోడకి చెమటలు పట్టేవి. ఎండాకాలంలోనూ ఆరేది కాదు. కింద నల్లగా బూజు, పైన ఊడిపోయే పెచ్చులు. ఆ గోడ పక్కనే మా అమ్మాయి మంచం. అది పట్టే చోటు ఇంకొకటి వెతుకుదామంటే, వెతకడానికి గది ఉండాలి కదా.

అమ్మాయి రెండో తరగతి చదువుతోంది. దాని ఛాతీలో ఎప్పుడూ పిల్లికూతలే కాబట్టి మా అత్తయ్య దాన్ని ‘కూన’ అంటుంది. చెమ్మ పెరిగిన రోజుల్లో పడుకోలేక గోడకి ఎదురుగా కూర్చుని, భుజాలు ఎగరేస్తూ గాలి పీల్చుకునేది. డాక్టరుగారు పీల్చే మందు రాసిచ్చారు. రాస్తూ రాస్తూ తలెత్తకుండానే, గది మార్చండమ్మా, గది మార్చకపోతే నేను ఈ మందు రాస్తూనే ఉంటాను, మీరు కొంటూనే ఉంటారు అన్నారు. గది మార్చమనడం ఎంత తేలిక! చెప్పులు మార్చమన్నట్టు చెప్పారు.

మరి మా ఆయన ఉండగా ఆ గోడ అలా ఎందుకుందంటారా? చేతనయినంత కాలం చేశాడు. ఏటా గీకి, లప్పం పెట్టి, రంగు వేసేవాడు. నెల తిరక్కుండా మరక మళ్ళీ బయటికి వచ్చి మమ్మల్ని పలకరించేది. చివరికి ఆయనే విసిగిపోయాడు. గొట్టం బాగు చేయకుండా గోడకి రంగు వేయడం పుండు మీద పౌడరు అద్దడమే అన్నాడు. గొట్టం సంగతి చెప్పినప్పుడల్లా ఓనరు తల ఊపి, ‘వానలు తగ్గాక చూద్దాం’ అనేవాడు. వానలు తగ్గేవి. ఓనరు కనబడడం కూడా తగ్గేది.

ఇలాంటి మాకు ఇల్లు అనే మాట ఎక్కడిదంటే, ఆయన పనికి వెళ్ళిన ఓ చోట తెలిసింది. లాభం చూసుకోకుండా మాలాంటివాళ్ళకి ఇళ్ళు కట్టించే సంస్థ ఒకటుంది. బ్యాంకు మన మొహం చూసి తలుపు వేసేసుకుంటుంది కానీ, వాళ్ళు వేసుకోరు. వడ్డీ లేకుండా ఇల్లిచ్చి, నెలనెలా కట్టించుకుంటారు. ఊరికే మాత్రం ఇవ్వరు. కట్టగలిగేంత సంపాదన ఉండాలి, బ్యాంకు దగ్గరికి వెళ్ళగలిగేంత ఉండకూడదు. ఇప్పుడున్న ఇల్లు మనుషులు ఉండడానికి తగనిదై ఉండాలి. అన్నిటికంటే ముందు, మన ఇంటి వంతు వచ్చేదాకా ఆదివారాలు వెళ్ళి పక్కవాళ్ళ ఇళ్ళు కట్టిపెట్టాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. పెళ్ళి ఎలాగో చేసేసుకున్నాం, కట్టి కూడా చూద్దామని చేరాం.

ఊరి చివర గోదాములు దాటాక ఆ ఇళ్ళ వరస. రెండేసి గదులు, ముందు చిన్న అరుగు, గది గదికీ కిటికీ. ఆదివారం తెల్లారగానే నలుగురం బస్సెక్కేవాళ్ళం. నేను ఇసక మోసేదాన్ని, గచ్చులు కడిగేదాన్ని. అత్తయ్య నీడలో కూర్చుని ఇటుకల లెక్క మొదలుకొని అందరి సంసారాల లెక్కదాకా చూసేది. మా ఆయన రంగులు. జీతం లేని పనికి అంత శ్రద్ధ ఎందుకయ్యా అని తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. గోడకి చెంప ఆనించి, వెలుతురుకి వాలుగా చూసి, గీత కనబడితే మళ్ళీ రుద్దేవాడు. అలా ఆయన చేత్తో నున్నబడిన గోడల మధ్యకి ఎవరెవరో కాపురానికి వెళ్ళారు. బస్సు కండక్టరు కుటుంబం వెళ్ళినరోజు ఆయన భార్య నా చేతులు పట్టుకుని, ఈసారి మీదేనమ్మా అంది. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. సంతోషానికి కూడా నిద్ర పట్టకపోవడం నాకు కొత్త.

వరస చివర ఇంకా కట్టని స్థలం ఒకటుండేది. నాలుగు మేకులు, వాటి చుట్టూ తాడు. కూన ఆ తాడు కిందనుంచి దూరి లోపల నిలబడి, ఇది నా గది, ఇక్కడ నా మంచం, ఇది కిటికీ అని చేతులతో గీసేది. అక్కడ ఆడుతున్నంతసేపూ దానికి దగ్గు ఉండేది కాదు. బయట గాలి కదా. కానీ నాకు ఆ స్థలమే దానికి మందని అనిపించేది. ఆ నేల మీద నా బిడ్డ ఊపిరి ఉంది, అంతే. ఇల్లంటే నాకు అంతకంటే ఏమీ లేదు.

అప్పుడు కబురు వచ్చింది. మా వంతు వచ్చిందట. మేమెలా ఉంటున్నామో చూడడానికి సంస్థ నుంచి ఎంక్వైరీ మేడమ్ వచ్చే వారం ఇంటికి వస్తారట.

ఆ సాయంత్రం మా ఆయన చాలాసేపు వెనక గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, గోడ చేయాలి అన్నాడు. ఎందుకూ అన్నాను. ఆయన చెప్పిన మాట నాకింకా గుర్తుంది.

“ఇల్లు ఇచ్చేవాళ్ళు ఇల్లు చూసుకునేవాళ్ళకే ఇస్తారు. పెయింటర్ అయ్యుండి సొంత గోడకే దిక్కు లేదు, రేపు మనమిచ్చే ఇంటిని వీడేం ఉద్ధరిస్తాడు అనుకోరూ?”

ఉన్నది ఉన్నట్టు చూపిస్తే పోలా అని అన్నాను. గట్టిగా అనలేదు. అన్నాను. ఆయన నవ్వి, మీ లాండ్రీలో మరకున్న దుప్పటి గదికి పంపుతారా అని అడిగాడు. పంపరు. పంపితే నా ఉద్యోగం పోతుంది. ఇంకేం మాట్లాడను? అత్తయ్య కూడా కొడుకు పక్షమే. గడపలోకి వచ్చే మనిషికి మాసిన గోడ చూపిస్తామా, మన పరువేం కావాలి అంది. అదీ నిజమే అనిపించింది. ఒప్పుకున్నాక ఇక నేనూ తక్కువ తినలేదు. లాండ్రీలో పక్కన పడేసిన పాత కర్టెను అడిగి తెచ్చుకుని, చిరుగు కనబడకుండా కుట్టి, అంచు కత్తిలా ఇస్త్రీ చేశాను.

ఆ వారమంతా మా ఇల్లు పెళ్ళివారొస్తున్నట్టుంది. ఆయన పని నుంచి వచ్చీరాగానే గోడ ముందు కూర్చునేవాడు. బూజంతా గీకాడు. చెమ్మ కొన్నాళ్ళు ఆపే ఘాటైన ద్రావకం ఏదో రాశాడు, దాని మీద లప్పం, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు. పని జరిగిన ఏదో బంగళాలో మిగిలిపోయిన వెన్నముద్ద రంగు అది. పై వాటా వాళ్ళని బతిమాలి ఆ నాలుగు రోజులూ కింద కుళాయి దగ్గరే స్నానాలు చేయమన్నాడు. అద్దం అడిగితే వాళ్ళు కాదనలేకపోయారు. అంతా అయ్యాక చూస్తే అది మా గది కాదు. అత్తయ్య గోడ నిమిరి, పైన పటారం లోన లొటారం అని నవ్వింది. ఆయనకి కోపం రాలేదు. తన పనికి తనే మురిసిపోతున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ మురిసిపోయాను. పెళ్ళయ్యాక మొదటిసారి మా గది చూడముచ్చటగా ఉంది.

ఒక్క కూనకే పడలేదు. రంగు ఘాటుకి దాని పిల్లికూతలు ఎక్కువయ్యాయి. మేడమ్ వచ్చిన రోజు పొద్దున మందు పీల్పించి, ఆ డబ్బా కనబడకుండా గిన్నెల వెనక పెట్టాను. రోగం ఉన్న ఇల్లని అనుకోకూడదని. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే పెట్టాను.

ఎంక్వైరీ మేడమ్ పొట్టిగా, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడుతో, గుమ్మం బయటే చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోబెట్టాం. మంచి మనిషి. ఎంతసేపటికీ నోట్లోంచి ఓ కటువైన మాట రాలేదు. గది చిన్నదేనే అంది, సర్దుకుంటామండీ అన్నాం. అందరూ బాగున్నారా అని అడిగింది. బాగున్నామమ్మా అంది అత్తయ్య. గడపలోకి వచ్చిన మనిషి బాగున్నారా అంటే బాగున్నామనే అంటారు. ఎవరైనా రోగాల చిట్టా విప్పుతారా? అత్తయ్యకి కూడా రాత్రంతా దగ్గే. కానీ ఆవిడ ఉన్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఒక్క దగ్గు దగ్గలేదు.

మేడమ్ లేచి వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. అరచెయ్యి ఆనించింది.

“ఎంత నున్నగా ఉందండీ,” అంది. “ఓనరు బాగా చూసుకుంటాడన్నమాట.”

ఓనరు చేయించింది కాదండీ, నేనే చేసుకున్నాను అన్నాడు మా ఆయన. ఎలా చేశాడో, ఎన్ని పూతలు వేశాడో చెప్పుకొచ్చాడు. ఆవిడ శ్రద్ధగా వింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి నీళ్ళు కారడం, గోడల్లో చెమ్మ లాంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగింది.

కూన ఛాతీలో కూత నాకు వినబడింది. అత్తయ్యకీ వినబడింది. దాని వీపు మీద చెయ్యి వేసి, వెళ్ళి మెట్ల మీద ఆడుకోవే అని బయటికి పంపేసింది.

“అలాంటిదేం లేదు మేడమ్,” అన్నాడు మా ఆయన. “ఏదైనా వచ్చినా నేను చూసుకుంటాను.”

ఆ రెండో మాట ఆయన గర్వంగా అన్నాడు. ఇల్లు ఇస్తే ఎంత బాగా చూసుకుంటాడో ఆవిడకి తెలియాలని. నేను నోరు తెరవబోయాను. కానీ పదిమందిలో గోడకి చెంప ఆనించి పని చేసే మనిషిని పరాయి మనిషి ముందు అబద్ధాలకోరుని ఎలా చేయను? మేడమ్ మంచినీళ్ళు తాగి, ఇల్లు చాలా చక్కగా పెట్టుకున్నారమ్మా అని నాతో అని వెళ్ళిపోయింది. మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. గట్టెక్కామనుకున్నాం.

గిన్నెల వెనక నుంచి మందు డబ్బా తీసుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తాను. కూన కింది మెట్టు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పెదాలు పాలిపోయాయి. మందు పీల్పించాక, మాట వచ్చాక, నా వైపు చూసి, “నేను దగ్గలేదమ్మా. నోరు మూసుకునే ఉన్నాను,” అంది. మెచ్చుకుంటానని ఎదురు చూస్తోంది. నేను మెచ్చుకున్నాను. ఇంకేం చేయను?

సంస్థ ఆఫీసు నుంచి పిలుపు వచ్చినప్పుడు ఇద్దరం పని మానుకుని వెళ్ళాం. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి, ఎంతో మెల్లగా చెప్పింది. మా ఆదివారాల పని గురించి కమిటీలో అందరూ మెచ్చుకున్నారట. సంపాదన కూడా సరిపోయిందట. కానీ గది చిన్నదే అయినా ఉండడానికి తగనిది కాదని తేలిందట. పైకప్పు కారే ఇళ్ళలో, చెమ్మ గోడల మధ్య చిన్నపిల్లలతో ఉంటున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారట. వాళ్ళకి ముందు ఇవ్వాలి కదా అంది. ఆవిడ న్యాయంగానే చెబుతోంది.

మా ఆయన ముందుకి వంగాడు. ఆ గోడ నిజం కాదు మేడమ్ అన్నాడు. గొట్టం సంగతి, ద్రావకం సంగతి, స్నానాలు ఆపించిన సంగతి, పిల్ల ఊపిరి సంగతి, అన్నీ తడబడుతూ చెప్పాడు. నేను మందు డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. ఆరోజు దాచిందాన్ని ఈరోజు సాక్ష్యంగా పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మేడమ్ కళ్ళజోడు తీసేసింది.

“మీరిప్పుడు చెప్పింది నేను వినలేదనుకుంటాను,” అంది. “వింటే, మీరు నాకు చూపించింది అబద్ధమని రాయాలి. అలా రాస్తే ఈ సంస్థలో మీకు ఇంకెప్పటికీ ఇల్లు రాదు. ఇప్పటికి అవసరం లేదని రాసి ఉంటే వచ్చే ఏడాది మళ్ళీ రావచ్చు.”

ఇల్లు బాగుందంటే ఇల్లు రాదు. బాగాలేదంటే అబద్ధమాడినట్టు, అసలే రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరు రాసిచ్చిన కాగితాలు తెస్తానన్నాను. అవి వచ్చేసారికి దాచి ఉంచండమ్మా, ఈసారికి కమిటీ అయిపోయింది అంది. లేచి వస్తుంటే మా వెనకే గుమ్మందాకా వచ్చి, ఒక సాయం చేయగలనంది.

“ఈసారి చెప్పకుండా వస్తాను. ఎప్పుడో ఒకప్పుడు, వానల్లోనో వానలయ్యాకో. ఆరోజు ఉన్నది ఉన్నట్టు కనబడనివ్వండి. ఏదీ బాగు చేయకండి.”

బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది. ఆయన మీద రావాలి, రాలేదు. మేడమ్ మీద రావాలి, రాలేదు. ఆవిడ ఆ గోడ మీద అరచెయ్యి కాకుండా ఒక్క గోరు పెట్టి గీరి ఉంటే తెలిసేది కదా అనుకున్నాను. పరాయింటి గోడ ఎవరు గీరతారు? ఆవిడా మర్యాదగల మనిషే. మా మర్యాద, ఆవిడ మర్యాద కలిసి నా బిడ్డ గొంతు మీద కూర్చున్నాయి.

ఆదివారం పని మానలేదు. మానితే వచ్చే ఏడాదికి అదో వంక. వరస చివర మేకుల స్థలంలో పునాదులు లేచాయి, గోడలు లేచాయి. అది ఎవరికో కూరగాయల బండి వాళ్ళకి వచ్చింది. వాళ్ళకీ ఇద్దరు చిన్నపిల్లలు. మా ఆయనే రంగు వేశాడు. ఎప్పటిలాగే చెంప ఆనించి చూశాడు, గీత ఉన్నచోట మళ్ళీ రుద్దాడు. కూన అక్కడికి వచ్చింది కానీ లోపలికి వెళ్ళలేదు. కిటికీ తను గీసినచోట కాకుండా పక్కన పెట్టారని మాత్రం చెప్పింది.

విషయం తెలిసి కండక్టరు భార్య తల పట్టుకుంది. వాళ్ళింటికి ఇదే మేడమ్ వచ్చినప్పుడు పైకప్పు కారుతుంటే గది నిండా బకెట్లు పెట్టుకుని కూర్చున్నారట. మేడమ్ కాలు తిన్నగా బకెట్లో పడిందట. చీర అంచు తడిసిపోయి, ఆవిడ వెళ్ళాక, ఇంకేం ఇల్లు అని మొగుడూ పెళ్ళాలు కొట్టుకున్నంత పని చేశారట. వారం తిరక్కుండా ఇల్లు వచ్చింది. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, బకెట్ల సంగతి పదిమందికి ఎలా చెప్పుకుంటాను, సిగ్గు కాదూ అంది. కొత్త ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చింది కూడా. ఆవిడని నేనే ఓదార్చాల్సి వచ్చింది.

తర్వాత వానలు మొదలయ్యాయి. ద్రావకం ఘాటు తీరిపోయింది. మొదట వెనక గోడ మూలన అరచేతంత మరక లేచింది. రోజురోజుకీ పెరిగింది. రంగు బుడగలుగా ఉబ్బి, పెచ్చులై, కూన దిండు మీద రాలడం మొదలుపెట్టింది. మా ఆయన పని నుంచి వచ్చి చొక్కా విప్పుతూనే ఆ గోడ వైపు చూసేవాడు. చెయ్యి లప్పం రేకు వైపు వెళ్ళేది. మళ్ళీ వెనక్కి వచ్చేది. మేడమ్ ఎప్పుడైనా రావచ్చు, ఈరోజైనా రావచ్చు. ఆయన వేళ్ళు అలా మోకాళ్ళ మీద ఊరికే కదులుతుంటే చూడలేక నేను వంటమూలకి వెళ్ళిపోయేదాన్ని. ఎవరైనా పైరు ఏపుగా పెరగాలని కోరుకుంటారు. మేము గోడ మీద బూజు పెరగాలని కోరుకున్నాం. పెరిగితే పిల్ల ఊపిరి తగ్గేది. ఊపిరి తగ్గుతుంటే ఇల్లు దగ్గరవుతోందని మనసులో ఏదో మూల లెక్క వేసుకునేదాన్ని. ఆ లెక్క తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసేది.

నాన్నా, మన గోడ మళ్ళీ పాడైంది, చూడలేదా అని కూన అడిగేది. చూశానమ్మా అనేవాడు. ఎప్పుడు చేస్తావంటే, మేడమ్ వచ్చి చూశాక అనేవాడు. మేడమ్ ఆరోజు చూసింది కదా అనేది.

అలాంటి ఒక సాయంత్రం ఓనరు వచ్చాడు. వెనక సంచీ భుజాన వేసుకుని ఓ ప్లంబరు. నేను నమ్మలేకపోయాను. పై వాటా వాళ్ళు గట్టిగా దులిపేశారట. కింద పిల్ల దగ్గు వింటూ మేం నిద్రపోలేకపోతున్నాం, గొట్టం బాగు చేయించకపోతే ఖాళీ చేస్తామన్నారట. అందుకే ఇవాళ పనివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. గొట్టం అతుకు దగ్గర విడిచింది, సంచీలో సిమెంటూ టేపూ ఉన్నాయి, గంటలో చుట్టేస్తాను, ఇక చుక్క కారదు, నాలుగు ఎండలు తగిలితే గోడ ఆరిపోతుంది అన్నాడు ప్లంబరు. ఎన్నాళ్ళు ఆగుతుందని మా ఆయన అడిగాడు. ఓ ఏడాది ఆగుతుంది, తర్వాత దేవుడి దయ అన్నాడు.

ఏడాది. కమిటీ కూర్చునేదాకా ఆగుతుంది. మేడమ్ వచ్చేసరికి గోడ పొడిగా ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ విడుస్తుంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. ఏళ్ళ తరబడి ఈ గొట్టం కోసం ఓనరు చుట్టూ తిరిగిన మనిషి. లోపల కూన మంచం మీద కూర్చుని ఉంది. దాని కూత గుమ్మందాకా వినబడుతోంది. నేను వద్దనలేదు, సరే అనలేదు. అత్తయ్య గోడ వైపు తిరిగిపోయింది.

ఆయన ఓనరు మొహం చూడకుండా, ప్లంబరు సంచీ వైపు చూస్తూ అన్నాడు.

“ఇప్పుడొద్దులెండి. వానలు తగ్గాక చూద్దాం.”

ఓనరుకి అర్థం కాలేదు. మీరే కదయ్యా ఇన్నాళ్ళూ ప్రాణం తీశారు అన్నాడు. ప్లంబరు ఓనరు వైపూ మా వైపూ చూసి, సంచీ ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాడు. మళ్ళీ పిలిస్తే రామని గొణుక్కుంటూ ఇద్దరూ వానలో వెళ్ళిపోయారు. మా ఆయన గుమ్మంలోంచి కదల్లేదు. లప్పం పెట్టే ఆ కుడిచెయ్యి తలుపు రెక్కని పట్టుకుని అలాగే ఉంది.

“నాన్నా,” అంది కూన లోపల్నుంచి. మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటోంది. “బాగు చేసేవాళ్ళు వచ్చారుగా. ఎందుకు పంపేశావు?”

నేను దిండు మీది పెచ్చులు దులిపి, మందు డబ్బా తెచ్చి దాని నోటికి పట్టాను.